స్థానిక మొక్కలు, వాననీటి పని నేర్పే శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? (ఒక రెయిన్ గార్డెన్ పాడయ్యాక అడుగుతున్నా)

నేరేడునీడ (ప్రశ్న)

నమస్తే. నేను హైదరాబాద్‌లో లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని, ఎనిమిదేళ్లుగా ఇదే పని. ముందు జరిగింది చెప్పి, అడగాల్సింది చివర్లో అడుగుతాను. లేకపోతే ఎవరో ఒకరు వెబినార్ లింక్ పడేసి వెళ్లిపోతారు.

కొల్లూరు వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీకి తోట డిజైన్ చేశాం. బిల్డర్‌కి బ్రోషర్‌లో "రెయిన్ గార్డెన్" అనే మాట కావాలి (పారే వాననీటిని పల్లంలో ఆపి నేలలోకి ఇంకించే తోట అన్నమాట). నాకేమో నిజంగానే ఒకటి కట్టి చూడాలని కాలేజీ రోజుల నుంచీ ఉంది. అలా ఇద్దరికీ కుదిరింది. రెండు బ్లాకుల పైకప్పులూ లోపలి రోడ్డూ కలిపి దాదాపు ఒక ఎకరం జాగా వాలు అటే ఉంది. ఆ వాలు చివర 90 చదరపు మీటర్ల తోట, 30 సెంటీమీటర్ల పల్లం. పల్లం కింద ఎర్రమట్టీ ఇసుకా పశువుల ఎరువూ కలిపి పరిచాం. మొక్కల కోసం ఒక విదేశీ గైడ్‌లోని పట్టిక ముందు పెట్టుకుని, ఇక్కడ దొరికేవాటితో సర్దేశాను. మధ్యలో కెన్నా, చుట్టూ ఫౌంటెన్ గడ్డి, పక్క వాలు మీద తంగేడు. తంగేడు పెట్టినందుకు లోలోపల కాస్త గర్వం కూడా.

జూన్‌లో ఒక సాయంత్రం గంటసేపు దంచికొట్టింది. నీళ్లు నిలిచాయి. నిలవాలనే కదా తవ్వింది, అనుకున్నా. మర్నాడూ ఉన్నాయి. మూడో రోజు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు మొదలయ్యాయి. ఐదో రోజు దోమ పిల్లలు ఈదుతున్న వీడియో వచ్చింది, దానికి ఎవరో సినిమా మ్యూజిక్ కూడా తగిలించారు. వారం తిరక్కుండానే తొమ్మిదో పదో ట్రాక్టర్ల మట్టి తోలి, పూడ్చి, పైన లాన్ పరిచేశారు. ఇప్పుడక్కడ పిల్లలు షటిల్ ఆడుతున్నారు.

పూడ్చే ముందు వెళ్లి ఒక మూల గడ్డపారతో తవ్వించి చూశాను. మా మిశ్రమం కింద సిమెంటు పెళ్లలు. వాటి కింద జేసీబీలు తొక్కి తొక్కి రాయిలా బిగిసిపోయిన నల్లమట్టి. ఇంకో రెండు మూడు అడుగులకి షీట్ రాక్, అంటే పరుపు బండ, తగులుతుందని సైట్ ఇంజనీర్ తాపీగా చెప్పాడు. డిజైన్‌కి ముందు నేను ఒక్క గుంత కూడా తవ్వించలేదు. సాయిల్ రిపోర్ట్ స్ట్రక్చరల్ వాళ్ల దగ్గర ఉంది, అడిగితే ఇచ్చేవాళ్లు. అడగాలని తోచలేదంతే. ఇంకో తమాషా చెప్పనా? రోడ్డు అంచున కర్బ్ రాళ్లు వేసినవాళ్లు నీళ్లు లోపలికి రావడానికి వదలాల్సిన ఖాళీలు రెండే వదిలారు, అవి కూడా రోడ్డు కన్నా నాలుగు సెంటీమీటర్లు ఎత్తులో. అంటే వచ్చిన నీళ్లలో చాలావరకు పక్కనుంచి గేటు దాటి వెళ్లిపోయాయి.

పీజీలో హైడ్రాలజీ ఒక సెమిస్టర్ చదివాను, మంచి మార్కులే. మొక్కల పేపర్‌లో ఎక్కువ భాగం స్లైడ్లే. వేప, కానుగ, రావి గుర్తుపడతాను. కానీ చెరువు గట్టున మొలిచే గడ్డి ఏదో చెప్పమంటే నోరు పెగలదు.

ఇక ప్రశ్న. పని చేస్తున్నవాళ్లు ఈ రెండూ, అంటే మన మొక్కలూ వాననీటి లెక్కా, గట్టిగా నేర్చుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి? ఆఫీసువాళ్లు కొంత ఫీజు కడతామన్నారు, పది రోజుల సెలవూ ఇస్తామన్నారు. సర్టిఫికెట్ మీద ఆశ లేదు. ఇంకోసారి ఆ వాట్సాప్ గ్రూపు చూడాల్సి రాకూడదు, అంతే.

---

డ్రైనేజీ మాస్టారు

అమ్మా, నేను మునిసిపల్ డ్రైనేజీ పనుల్లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. కోర్సు సంగతి తరవాత. మీరు రాసిన అంకెలతోనే మొదటి పాఠం అయిపోతుంది, కాగితం తీసుకోండి.

ఒక ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. ఆ రోజు 40 మిల్లీమీటర్లు పడిందనుకుందాం, మన ఊళ్లో గంటకి అంత పడటం వింతేమీ కాదు. కప్పులూ సిమెంటు రోడ్డూ కాబట్టి నూటికి ఎనభై వంతులు పారిందనుకోండి. దగ్గరదగ్గర 1,30,000 లీటర్లు. మీ పల్లంలో పట్టేది 90 ఇంటూ 0.3, అంటే 27,000 లీటర్లు. ఐదో వంతు. కర్బ్ వాడు తప్పు చేశాడని బాధపడుతున్నారు గానీ, ఆ తప్పే మిమ్మల్ని కాపాడింది. నీళ్లన్నీ లోపలికి వచ్చి ఉంటే మట్టీ మొక్కలూ కలిసి సెల్లార్‌లోకి దిగేవి.

రెండో లెక్క. 30 సెంటీమీటర్ల నీళ్లు ఐదు రోజులున్నాయి, అంటే 120 గంటలు. 300 మిల్లీమీటర్లని 120తో భాగిస్తే గంటకి రెండున్నర. ఎండకి ఆరింది తీసేస్తే ఇంకా తక్కువే. డిజైన్‌కి ముందు మీరు చేయాల్సిన పరీక్షని మీ తోటే చేసి, జవాబు కూడా చెప్పేసింది. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు పడుతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లో గుంత ఎండిపోవాలి. 300 మిల్లీమీటర్లు 24 గంటల్లో పోవాలంటే గంటకి పన్నెండున్నర ఇంకాలి. అంతకన్నా తక్కువ ఇంకే నేల అయితే అడుగున చిల్లుల పైపు వేసి డ్రెయిన్‌కి కలపాలి, లేదా లోతు తగ్గించి వెడల్పు పెంచాలి. నల్లరేగడి అయితే ఇంకో చిక్కుంది. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. పునాదికి కనీసం మూడు మీటర్ల దూరం ఉంచండి.

పరీక్షకి యంత్రాలేమీ అక్కర్లేదు. తోట అడుగు ఏ లోతుకి వస్తుందో అక్కడిదాకా తవ్వి, అక్కడ ఇంకో ముప్పై సెంటీమీటర్ల లోతు చిన్న గుంత తీయండి. నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి, ఆ మొదటిసారి లెక్కలోకి రాదు. మళ్లీ నింపి, స్కేలు నిలబెట్టి, అరగంటకోసారి ఎంత దిగిందో రాసుకోండి. ఒక్కచోట చేసి వదలొద్దు, మూడు చోట్ల చేయండి. హైదరాబాద్‌లో ఒక మూల మొరం, పది అడుగుల అవతల బండ.

చదవాలంటే కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ కింద ఉండే సీపీహెచ్ఈఈఓ (ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ) వాళ్లు 2019లో వేసిన స్టార్మ్ వాటర్ మాన్యువల్ ఉంది, ఊరికే దొరుకుతుంది. పైపుల సంగతి ఎక్కువే గానీ, వాన తీవ్రత లెక్కగట్టే అధ్యాయం మాత్రం చేత్తో చేసి చూడండి.

చివరిగా ఒకటి అడుగుతాను. మీరు కట్టింది చెరువుకి పిల్ల. మన గొలుసుకట్టు చెరువుల్లో ప్రతి చెరువుకీ ఒక అలుగు ఉంటుంది, తెలంగాణలో మత్తడి అంటారు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకి పోతాయి. మత్తడి లేకుండా కట్ట వేసే మేస్త్రీ ఏ ఊళ్లోనూ ఉండడు. మీ డ్రాయింగులో మత్తడి ఎక్కడ?

---

నేరేడునీడ

లేదండి. డ్రాయింగులో మత్తడి లేదు.

---

కడియం నారుమడి

ఆయ్, మేడమ్ గారూ. మాది కడియపులంక, మూడు తరాల నుంచి నర్సరీయే. మాస్టారు నీళ్ల లెక్క చెప్పారు కాబట్టి నేను మొక్కల జోలికే వెళ్తానండి.

ముందు మీ పట్టిక చూద్దాం. కెన్నా అంటే మెట్టతామర, అది అమెరికా ఖండం నుంచి వచ్చింది. ఫౌంటెన్ గడ్డి ఆఫ్రికాది. అందులో మనది తంగేడు ఒక్కటే, దాన్నేమో నీళ్లలో ముంచేశారు! తంగేడు రాళ్లగుట్ట మీద, ఎండిన బీడులో నవ్వుతూ బతుకుతుందండి. వేళ్ల దగ్గర రెండు రోజులు నీళ్లుంటే గుడ్లు తేలేస్తుంది. దాని చోటు పైన గట్టు మీద. పైగా దానిది తల్లివేరు లోతుగా దిగే జాతి, పెద్ద సంచిలో పెంచి మార్చితే ఏడుస్తుంది. విత్తనం పెంకు గట్టిది, వేడినీళ్లలో నానబెట్టి నేరుగా మట్టిలో వేసుకోవడమే మేలు.

మన మొక్క అయితే చాలు, ఏ చోటైనా బతికేస్తుందని పట్నంలో చాలామంది అనుకుంటారు. మన దగ్గర ఏటి ఒడ్డుదీ ఉంది, గుట్ట మీదదీ ఉంది. మీ గుంత సంగతేంటంటే, వానాకాలంలో రెండు రోజులు మునుగుతుంది, తర్వాత ఎనిమిది నెలలు చుక్క ఉండదు. ఈ రెండూ ఓర్చుకునేవి కావాలి. చెట్లయితే ఏరుమద్ది, దాని పేరులోనే ఏరు ఉంది కదండి. నేరేడు, కానుగ. పొదల్లో వావిలి. గడ్డిలో వట్టివేరు, అది మునకకీ ఆగుతుంది, ఎండకీ ఆగుతుంది, మట్టిని గట్టిగా పట్టుకుంటుంది. నేల మీద పాకడానికి లిప్పియా అని అమ్ముతున్నారు చూడండి, మా వైపు బొక్కెనాకు అంటాం, చెరువు గట్ల మీద దానంతటదే మొలుస్తుంది. రెల్లు మాత్రం పెట్టకండి, మీకున్న జాగాకి అది రెండేళ్లలో రాజ్యం ఏలుతుంది. గోదావరి లంకల్లో చూసేవుంటారు.

ఇంకో మాట, కొంచెం కోపంగానే అంటున్నా. ఆర్కిటెక్టులు మా దగ్గరికి మే నెలాఖరులో వస్తారు. జూన్ ఐదుకి ఓపెనింగ్, నేటివ్ మొక్కలు నాలుగు వేలు కావాలి అంటారు. ఎక్కడినుంచి తేనండి? మాకు రోజూ ఆర్డరు వచ్చేది పామ్‌లకీ, డ్యురాంటాకీ, మొన్నమొన్నటిదాకా కోనోకార్పస్‌కీ. గుజరాత్ వాళ్లు 2023లో ఆ కోనోకార్పస్‌ని నిషేధించారు, కొన్నాళ్లకి ఇటు కూడా ఆర్డర్లు తగ్గాయి, మా పక్క మడిలో పెంచినవి పెంచినట్టే ఉండిపోయాయి. అడిగేవాడుంటే వావిలి కూడా పెంచుతాం. నవంబరులో అడ్వాన్సు ఇచ్చి చెప్పండి, జూన్‌కి ఎన్నంటే అన్ని లెక్కపెట్టి ఇస్తాం. ఈ సంగతి మీ కాలేజీలో చెప్పరనుకుంటా.

శిక్షణ అంటారా, ఆ పది రోజుల్లో నాలుగు రోజులు ఇక్కడికి రండి. సంచులు నింపండి, పిలకలు విడదీయండి. పేర్లు వాటంతటవే వస్తాయి.

---

మేరీల్యాండ్ నుంచి

హాయ్ అండీ. మాది ఖమ్మం, ఇక్కడ లాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ ఫర్మ్‌లో పదకొండేళ్లుగా ఉన్నా. ఇక్కడ శిక్షణ ఎలా ఉంటుందో చెప్తాను, కాపీ కొట్టమని కాదు.

అమెరికాలో లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌కి విడిగా లైసెన్సు ఉంటుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి చాలా రాష్ట్రాల్లో ఇన్ని గంటలు చదివామని చూపించాలి. ఇండియాలో 1972 ఆర్కిటెక్ట్స్ యాక్ట్ ఆర్కిటెక్టులకే, లాండ్‌స్కేప్‌కి విడిగా రిజిస్ట్రేషన్ చట్టం లేదు కాబట్టి మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టరు. మీరే వచ్చి అడుగుతున్నారంటే సంతోషంగా ఉంది.

మా వైపు చీసపీక్ బే అనే పెద్ద సముద్రపు పాయ ఉంది. వానకి పొలాల్లోంచీ రోడ్ల మీదనుంచీ పారే నీళ్లు దాన్ని పాడుచేస్తున్నాయని ఈ నదీ ప్రాంతం మొత్తానికీ ఒక సర్టిఫికేషన్ నడుపుతున్నారు, పేరు చీసపీక్ బే లాండ్‌స్కేప్ ప్రొఫెషనల్. అందులో నాకు నచ్చిందేంటంటే డిజైన్ చేసేవాళ్లు, కట్టేవాళ్లు, తర్వాత చూసుకునేవాళ్లు ముగ్గురికీ చోటుంది. నేను వెళ్లినప్పుడు నా పక్కన కూర్చున్నది పాతికేళ్లుగా కలుపు తీసే పని చేస్తున్న ఒకావిడ. ఒక పాడైన రెయిన్ గార్డెన్ దగ్గర నిలబెట్టి, ఎందుకు పాడైందో చెప్పమన్నారు. మేం డిజైనర్లం మట్టి గురించీ మొక్కల గురించీ ఏదేదో మాట్లాడుతుంటే, ఆవిడ వంగి నీళ్లు లోపలికొచ్చే చోట పేరుకున్న ఆకులూ ఇసుకా చేత్తో తీసి చూపించింది. అంతే కారణం. ఆ రోజు సిగ్గుపడ్డాను, ఇప్పటికీ ఏ సైట్‌కి వెళ్లినా మొదట ఆ నోరే చూస్తాను.

తీసుకోకూడనిది మొక్కల పట్టిక. ఇక్కడ వాన ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా పడుతుంది, మనకి నాలుగు నెలల్లో పోసేస్తుంది. ఇక్కడి సైజు లెక్కలు అక్కడ పనికిరావు. మీరు ఆ గైడ్ నమ్మి చేసిన పొరపాటే నేను తిరగేసి ఇక్కడ చేశాను. ఖమ్మం అలవాటుకొద్దీ మొదటి డిజైన్ ఈత కొలనంత చేశా, మా బాస్ నవ్వి సగానికి కోసేశాడు.

ఇండియాలో అయితే రాజస్థాన్‌లో అల్వార్ దగ్గర నిమ్లీలో సీఎస్ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) వాళ్ల శిక్షణ కేంద్రం ఉంది. నీటి మీద చిన్న కోర్సులు పెడుతుంటారు, మా జూనియర్ ఒకడు వెళ్లొచ్చాడు. ఆ క్యాంపస్‌లోనే వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడే ఏర్పాటు ఉందట, తిరిగి చూసిందే సగం చదువు అన్నాడు. తేదీలు చూసుకుని వెళ్లండి.

---

సైట్ సూపర్‌వైజర్

నేను మీ సైటు కాదు గాని, గచ్చిబౌలిలో అలాంటిదే ఒక కమ్యూనిటీలో గార్డెన్ మెయింటెనెన్స్ చూస్తా. పదకొండు మంది మాలీలు, ఎక్కువమంది మహబూబ్‌నగర్ వైపువాళ్లు.

మా దగ్గర కూడా ఒక ఆర్కిటెక్ట్ సార్ గుంటలో తుంగ పెట్టించిండు. నేటివ్ అన్నడు. మా మాలీకి ఎవ్వరూ చెప్పలేదు. వాడు పన్నెండేళ్ల నుంచి లాన్‌లో తుంగ పీకుడే పనిగా బతుకుతున్నడు, గడ్డలతో సహా తీయకపోతే జీతం కోస్తరు. ఒక్క పొద్దుట్లో మొత్తం పీకి కుప్ప పోసిండు, మంచి పని చేసిన అని నాకు చూపించిండు కూడా. సార్ వచ్చి తల పట్టుకున్నడు. నేను ఎవరిని తిట్టాలె?

మా కాంట్రాక్ట్ కాగితంలో "లాన్ పచ్చగా ఉండాలి, కలుపు ఉండొద్దు" అని రాసి ఉంటది. ఎండాకాలంలో గడ్డి గోధుమ రంగు అయితే పెనాల్టీ. వట్టివేరు ఏప్రిల్‌లో పచ్చగా ఉండదు మేడమ్. ఆ కాగితం మార్చకుండా మీరు ఏ ఊరికి పోయి ఏం నేర్చుకున్నా మళ్లీ ఇదే అయితది.

---

డ్రైనేజీ మాస్టారు

సూపర్‌వైజర్ గారు చెప్పిందానికి నా ఓటు. తుంగ గురించి మాత్రం మాలీదే న్యాయం. లాన్ పక్కన ఆ గడ్డల తుంగ పెట్టడం పొలంలో ఎలుకని పెంచుకోవడమే.

---

నేరేడునీడ (నెల తర్వాత)

అందరికీ థాంక్స్. ఇక్కడ చదివింది చదివినట్టు చేయడం మొదలుపెట్టాను, ఎంతవరకు వచ్చిందో రాస్తున్నా.

శామీర్‌పేట వైపు ఒక విల్లా లేఅవుట్ వచ్చింది. ఫీజు మాట్లాడకముందే మూడు గుంతలు తవ్వించాను. ఓనర్ కొంచెం వింతగా చూశాడు, తోట డిజైన్ చేయమంటే బోర్ పాయింట్ చూస్తున్నారేంటి అన్నాడు. మొదటి గుంత మొరం, గంటకి 34 మిల్లీమీటర్లు దిగింది. రెండోది 9. మూడోదాని దగ్గర స్కేలు పట్టుకుని గంటన్నర కూర్చున్నా, 20 వచ్చింది. నేను ముందు ప్లాన్‌లో తోట గీసుకున్నది సరిగ్గా ఆ 9 ఉన్న చోటే, గేటు పక్కన అందంగా ఉంటుందని. ఇప్పుడు వెనక్కి, మొరం దగ్గరికి జరిపాను. ఓనర్ భార్యకి నచ్చలేదు, ఇంకా మాట్లాడుతున్నాం.

లెక్క మాస్టారు చెప్పినట్టే కట్టాను. లోతు 20 సెంటీమీటర్లే, వైశాల్యం పెంచాను. డ్రాయింగులో ఒక చోట ఎర్ర ఇంకుతో "మత్తడి" అని తెలుగులోనే రాశాను. కాంట్రాక్టర్ది జనగామ, "ఓ, అలుగా" అని ఒక్క చూపులో అర్థం చేసుకున్నాడు. "ఓవర్‌ఫ్లో వియర్" అని రాసిన రోజుల్లో మూడుసార్లు ఫోన్ చేసేవాళ్లు. కర్బ్ ఖాళీలు ఈసారి రోడ్డు కన్నా మూడు సెంటీమీటర్లు కిందకి. బెడ్డు వేసే రోజు టేపు పట్టుకుని నేనే నిలబడతా.

మొక్కల కోసం రెండు ఆదివారాలు కేబీఆర్ పార్కులో తిరిగాను, నోట్సు పట్టుకుని. వాకింగ్‌కి వచ్చేవాళ్లు ఏదో పోగొట్టుకున్నాననుకున్నారు. వానాకాలంలో నీళ్లు పారే సన్న వాగుల పక్కన ఏముందో, పైన బండల సందుల్లో ఏముందో విడివిడిగా రాసుకున్నా. ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లి అవే చెట్లు ఎండలో ఎలా ఉన్నాయో చూడాలి. ఇంకో సంగతి తెలిసి నవ్వొచ్చింది. చిన్నప్పటి నుంచీ బతుకమ్మలో పేర్చే బంతి మెక్సికో నుంచి వచ్చిందట. తంగేడు మాత్రం మనదే. అమ్మకి చెప్తే "అయితే బంతి తీసెయ్యాలా?" అని గయ్యిమంది.

మెయింటెనెన్స్ కాగితం ఈసారి నేనే రాసిచ్చాను. "వట్టివేరు వేసవిలో పసుపు రంగులో ఉంటుంది, నీళ్లు పెట్టరాదు, పెనాల్టీ లేదు", "పెద్ద వాన తర్వాత మర్నాడే ఖాళీల దగ్గర చెత్త తీయాలి", ఇలా ఒకటిన్నర పేజీ. ఓనర్ సంతకం పెట్టాడు. నాటే రోజు మాలీలు ముగ్గురినీ పిలిచి, ఏది పీకకూడదో చేత్తో పట్టుకుని చూపించాలని సూపర్‌వైజర్ గారి మాట విన్నాక రాసిపెట్టుకున్నా.

నిమ్లీ తేదీలు నాకు కుదిరేలా ఇంకా రాలేదు, ఆఫీసులో డబ్బు అలాగే ఉంచమన్నాను. కడియానికి మాత్రం నవంబరు రెండో వారంలో నాలుగు రోజులు వస్తున్నాను.

కడియం గారూ, జూన్ మొదటి వారానికి వట్టివేరు పిలకలు 600, వావిలి 80, ఏరుమద్ది 12, లిప్పియా ఒక 300 సంచులు అవుతాయా? అడ్వాన్సు ఎంత?

---

కడియం నారుమడి

అవుతాయండి. ఏరుమద్ది పన్నెండూ ఇప్పుడే ఉన్నాయి, ఆరడుగులవి. లిప్పియా సంచులెందుకు, మడుల్లో పెంచి చాపలా కోసిస్తాను, సగం ఖర్చు. అడ్వాన్సు నాలుగో వంతు చాలు. లారీ బాడుగ మాత్రం మీదేనండి. నవంబరులో వచ్చేటప్పుడు పాత బట్టలు తెచ్చుకోండి, ఆ రోజుల్లో మా మడులు బురదగా ఉంటాయి.